చేప తినడం పెద్దయ్యాక నేర్చుకోవచ్చు

మృగశిర కార్తె ప్రవేశించే రోజున, జూన్ 7నో 8నో, నిజామాబాద్ జిల్లాలోని మా కోటగిరిలో ఏ వాడకు వెళ్లినా చింతపండు పులుసు మరుగుతున్న వాసనే. ఏడాది పొడవునా కోడి, మేక తప్ప మరొకటి వండని ఇళ్లలో కూడా ఆ పూట చేప ఉడకాల్సిందే. రోహిణి ఎండలు పోయి వానలు మొదలయ్యే వేళ ఒంట్లో వేడి నిలవాలని, జలుబూ దగ్గూ పట్టుకోకూడదని పెద్దలు పెట్టిన ఆనవాయితీ అది. మాంసం ముట్టనివారు ఇంగువను బెల్లంలో కలిపి చిన్న ఉండ చేసి మింగుతారు. తినేవారికి చేప, తిననివారికి ఇంగువ. ఆచారంలో ఇద్దరికీ చోటుంది.

చోటు దొరకనిది మధ్యలో ఉన్నవాళ్లకు. మటన్ తింటారు, చికెన్ తింటారు, చేప తినకూడదన్న నియమం ఏదీ లేదు. తినాలని కూడా ఉంటుంది. తీరా పళ్లెం ముందు కూర్చునేసరికి గొంతు మూసుకుపోతుంది. ఇంటిల్లిపాదీ పులుసన్నం కలుపుకుంటుంటే వాళ్ల కోసం పక్క పొయ్యి మీద రెండు కోడిగుడ్లు ఉడుకుతాయి. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు వచ్చినా ఇదే వరస. నేను పెరిగింది ఆ కోడిగుడ్ల వైపే. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ వైపు ఉన్నవాళ్ల కోసం. శాకాహారాన్ని ఒక నమ్మకంగా పాటించేవారిని కదిలించడం నా ఉద్దేశం కాదు. చేప తింటే ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడని అలర్జీ ఉన్నవారు దీని జోలికే రాకూడదు. మిగిలినవారికి మాత్రం నేను గట్టిగా చెప్పగలను: చేపను ఇష్టంగా తినడం పెద్ద వయసులో కూడా నేర్చుకోవచ్చు.

వ్యక్తిత్వ వికాసం అనగానే తెల్లవారుజామున లేవడం, పదిమందిలో మాట్లాడటం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం గుర్తొస్తాయి. నాలుక సంగతి ఎవరూ ఎత్తరు. కానీ ఒక మనిషి తనను తాను మార్చుకోగలడా లేదా అని పరీక్షించుకోవడానికి నాలుకంత నిజాయితీ గల చోటు మరొకటి లేదు. వేదిక మీద ధైర్యం నటించవచ్చు, కోపం లోపల దాచుకోవచ్చు. నోట్లో పెట్టుకున్న ముద్దను ఇష్టంగా మింగుతున్నట్టు కడుపును నమ్మించలేం. అక్కడ వచ్చిన మార్పు నిజంగా వచ్చిన మార్పే.

పైగా ఈ పని మనందరం ఒకసారి చేసినవాళ్లమే. మిరపకాయ ఈ దేశపు పంట కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. పుట్టుకతో ఏ పసిబిడ్డకూ కారం నచ్చదు. మొదటిసారి నాలుకకు తగిలినప్పుడు ఏడవని పిల్లలుంటారా? అదే పిల్లలు పదేళ్లు వచ్చేసరికి ఎర్రకారం, నూనె కలిపిన అన్నం అడిగి మరీ తింటారు. పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీన్ని మెక్సికోలోని వహాకా ప్రాంతపు ఒక పల్లెలో గమనించి 1980లో రాశాడు. అక్కడ పిల్లలకు కారం బలవంతంగా ఎవరూ పెట్టరు. పచ్చడి గిన్నె మధ్యలో ఉంటుంది, పెద్దవాళ్లు వేసుకుని ఆనందంగా తింటుంటారు. అయిదారేళ్లు వచ్చేసరికి పిల్లలే చెయ్యి చాస్తారు. మన ఇళ్లలో జరిగేదీ ఇదే. అంటే మంటను రుచిగా మార్చుకున్న నాలుక మనది. ఆ పని చేసిన వయసు మనకు గుర్తు లేదు కాబట్టి, ఇష్టాయిష్టాలు పుట్టుకతో వచ్చాయని, ఇక మారవని అనుకుంటాం.

కోటగిరిలో పుట్టినవాళ్లకు చేప కొత్తగా అనిపించడం వింతే అనాలి. ఊరికి పడమట మంజీర పారుతోంది. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి 700 కిలోమీటర్లకు పైగా తిరిగి, మా పక్కనుంచి వెళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అదే నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ మా పొలాలకు నీళ్లిచ్చింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆ ప్రాజెక్టు కాలువలు పారాక, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. అప్పటినుంచి ఈ ప్రాంతంలో రెండు వంటిళ్లు పక్కపక్కన నడుస్తున్నాయి. పాత ఊళ్లలో జొన్నరొట్టె, పప్పు, పండుగకు యాట మాంసం. క్యాంపుల్లో వరన్నం, వారం వారం చేపల పులుసు. ఊళ్లో కూడా గంగపుత్రులు, ముదిరాజుల ఇళ్లలో చేప నిత్యం ఉండేదే. ఆ ఇళ్లకు నాలుగడుగుల దూరంలో మాత్రం చేప అంటే మృగశిరకు ఒకసారి వచ్చే చుట్టమే. చిన్నప్పుడు ఏడాదికి ఒక్కసారి కనిపించే తిండి మీద ఇష్టం ఎలా కుదురుతుంది? మనలో ఎంతోమంది చేపకు దూరమైంది అయిష్టం వల్ల కాదు, పరిచయం లేక.

మొదట చేయాల్సింది ఒకటుంది. “నాకు చేప పడదు” అని ఊరుకోకుండా, అందులో ఏది పడడం లేదో తేల్చుకోవాలి. నేను అడిగినవాళ్లలో కొందరికి వాసన, కొందరికి ముల్లు, కొందరికి నోట్లో మెత్తగా జారే తీరు. ఇంకొందరికి ఎప్పుడో ఒకసారి తిని వాంతి చేసుకున్న జ్ఞాపకం. తలతో, కన్నుతో సహా పళ్లెంలో కనిపించడం చాలదా అన్నవాళ్లూ ఉన్నారు. వీటన్నింటికీ ఒకే మందు లేదు. వాసన భరించలేని మనిషికి ముల్లు తీసిపెట్టి ఏం లాభం?

వాసన గురించే కాస్త ఎక్కువ చెబుతాను. నీసు వాసన అని మనం ఒకే మాటతో తోసిపుచ్చేదాంట్లో నిజానికి రెండు వేర్వేరు వాసనలున్నాయి. ఒకటి సముద్రపు చేపది. ఉప్పునీటిని తట్టుకోవడానికి ఆ చేపల కండలో ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమిన్‌గా మారుస్తాయి. ముక్కు మూసుకోవాలనిపించే ఘాటు అదే. చెరువు చేపలో ఈ పదార్థం చాలా తక్కువ. మన మంజీర, చెరువుల చేపల్లో ఇబ్బంది పెట్టేది ఇంకో వాసన, బురద వాసన. దానికి ముఖ్య కారణం జియోస్మిన్. నీళ్లలోని నాచులాంటి సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. చేప మొప్పల ద్వారా ఒంట్లోకి చేరి కొవ్వులో నిలిచిపోతుంది. లీటరు నీటిలో గ్రాములో పదికోట్లో వంతు కలిసినా మనిషి ముక్కు దీన్ని పసిగడుతుంది.

ఇదే జియోస్మిన్‌ను నేలలోని సూక్ష్మజీవులు కూడా తయారుచేస్తాయి. రోహిణి ఎండకు బీటలు వారిన నేల మీద తొలకరి చినుకు పడగానే గుప్పున లేచే మట్టి వాసనలో ఉండేది అదే. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఆ వాన వాసనకు పెట్రికోర్ అని పేరుపెట్టారు. మరుసటి ఏడాదే అమెరికాలో గెర్బర్, లెషవలియే అందులోని జియోస్మిన్‌ను వేరుచేసి పేరుపెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఆ వాసనను అత్తరుగా పట్టి అమ్ముతారు. తొలకరి నాడు వాకిట్లో నిలబడి గుండెల నిండా పీల్చుకునే వాసనను, అదే వారంలో పళ్లెంలో కనిపిస్తే తోసేస్తున్నామన్నమాట. ఈ సంగతి తెలిశాక నాకు చేప వాసన మీద కోపం తగ్గింది. అప్పటిదాకా అది కుళ్లు వాసన అనుకునేదాన్ని. నది ఆనవాలు అది. నచ్చకపోవచ్చు, కానీ భయపడాల్సింది కాదు. తెలియని వాసనకు ఒళ్లు జడుసుకుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది.

మన వంటవాళ్లు ఈ రసాయన శాస్త్రం చదవకుండానే దానికి విరుగుడు కనిపెట్టారు. పులుపు తగిలితే జియోస్మిన్ మారిపోయి వాసన తగ్గుతుంది. సముద్రపు చేపలోని ట్రైమిథైలమిన్ పులుపుతో కలిసి ఆవిరి కాకుండా ఉండిపోతుంది. అందుకే తెలుగునాట చేప అంటే చింతపండు, కొన్నిచోట్ల మామిడికాయ, మాకు వేసవి మొదట్లో చింతచిగురు. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి రుద్ది కడగడం, నిమ్మరసమో మజ్జిగో పోసి కాసేపు ఉంచడం, వేయించిన మెంతుల పొడి, ధనియాలు, అల్లం వెల్లుల్లి, మా దగ్గర నువ్వులూ ఎండుకొబ్బరీ నూరి వేయడం, అన్నీ ఈ పనికే. కొత్తగా తినేవారి కోసం వండేటప్పుడు చర్మం తీసేస్తే ఇంకా మంచిది, వాసన నిలిచే కొవ్వులో కొంత దానితోపాటే పోతుంది. వేసవి చివర అడుగంటి పాకర పట్టిన కుంటలో పట్టిన చేప కంటే పారే నీటిలోని చేపకు బురద వాసన తక్కువ. ఎక్కడి చేప అని అంగట్లో అడగడం ఇందుకే.

ఇంకో మాట. మొదటిసారి తిని మొహం మాడ్చుకున్నవాళ్లలో చాలామంది తిన్నది మంచి చేపే కాకపోవచ్చు. ఎక్కడి నుంచో ఐసు పెట్టెల్లో వచ్చి రెండు రోజులు నిలిచినదో, మాంసంలాగే గంటసేపు ఉడకబెట్టినదో అయి ఉంటుంది. చేప కండలో పోగులు పొట్టివి, వాటిని పట్టి ఉంచే నారలు తక్కువ. పులుసు బాగా మరిగాక ముక్కలు వేస్తే పది, పదిహేను నిమిషాలు చాలు. తర్వాత గంటె పెట్టకుండా గిన్నెను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. ఎక్కువ ఉడికితే పొడిపొడిగా అయిపోతుంది. తాజా చేపకు మొప్పలు ఎర్రగా ఉంటాయి, కళ్లు తేటగా పైకి ఉబ్బి ఉంటాయి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తుంది. తినడం మొదలుపెట్టకముందే కొనడం నేర్చుకోమని నేను చెప్పేది ఇందుకే. అంగడి రోజున చేపల దగ్గరికి వెళ్లి రవ్వ ఏది, బొచ్చె ఏది, బంగారుతీగ ఏది అని అడిగి తెలుసుకోండి. తొట్టిలో కొర్రమట్టలు పైకి వచ్చి గాలి పీల్చుకోవడం చూడండి. కత్తిపీట మీద పొలుసు తీసే చేతిని చూడండి. పేరు తెలియని ప్రాణి మీద ఉండే ఏవగింపు, పేరు తెలిశాక అంత ఉండదు.

ముల్లు సంగతికి వస్తే, ఈ భయంలో తప్పేమీ లేదు. రవ్వ, బొచ్చె, మోసు వంటి చేపల వీపు కండలో చీలిన కొమ్మలా సన్నటి ముళ్లు ఉంటాయి, తోక వైపు వెళ్లేకొద్దీ ఇంకా ఇబ్బంది. పొట్ట వైపు ముక్కలో ఉండేవి పక్కటెముకలే. పెద్దవి, చేతికి దొరుకుతాయి, తీసి పక్కన పెట్టొచ్చు. కొర్రమట్టకైతే కండ మధ్యలో ఆ సన్నముళ్లే ఉండవు. నడి ఎముక, పక్కటెముకలు తీస్తే మిగిలిందంతా కండే. 2016లో తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ధర ఎక్కువే, కానీ నేర్చుకునేవాళ్లు మొదట దాంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇక్కడే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ముల్లంటే భయమున్నవారికి రవ్వ పొట్ట ముక్క మేలు. వాసనంటే భయమున్నవారికి అదే పొట్ట ముక్క కష్టం, కొవ్వు అక్కడే ఎక్కువ. వాళ్లకు చర్మం తీసిన వీపు ముక్క మేలు. మీ భయం ఏదో మీకు తెలియకపోతే ఎవరో ప్రేమగా ఏరి పెట్టిన ముక్కే మీకు పరీక్షగా మారుతుంది.

చేత్తో తినే అలవాటు ఇక్కడ మనకు వరం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముక్కను మెల్లగా నొక్కితే ముల్లు వేలికే తెలుస్తుంది. వెలుతురులో కూర్చోవాలి. అన్నమంతా ఒకేసారి కలపకూడదు. ముక్కను విడిగా తిని, పులుసన్నం విడిగా తినడం మొదట్లో క్షేమం. టీవీ చూస్తూ, మాట్లాడుతూ చేప తినే నేర్పు ఏళ్ల మీద వస్తుంది. ముల్లు గొంతులో గుచ్చుకుంటే పెద్ద అన్నం ముద్ద మింగమంటారు. అది ముల్లును ఇంకా లోపలికి దిగేయొచ్చు. గుచ్చుకున్నట్టే ఉంటే డాక్టరుకు చూపించడమే సరైన పని.

జ్ఞాపకం వల్ల చేపకు దూరమైనవాళ్ల విషయం వేరు. 1955లో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలుకలకు తియ్యని నీళ్లు తాగించి, వికారం పుట్టించే రేడియేషన్ ఇచ్చాడు. ఆ తర్వాత ఆ ఎలుకలు తీపి నీళ్ల దగ్గరకే రాలేదు. తిండి తిన్నాక కడుపులో తిప్పితే, ఒక్క అనుభవంతోనే, అది గంటల తర్వాత జరిగినా, ఒళ్లు ఆ రుచిని శత్రువుగా రాసుకుంటుంది. విషాన్ని తప్పించుకోవడానికి ప్రకృతి ఇచ్చిన కాపలా ఇది. అందుకే దీన్ని మొండితనం అనకూడదు. చిన్నప్పుడు జ్వరంలో తిన్న చేప, పెళ్లిలో తిని వాంతి చేసుకున్న చేప ఇరవై ఏళ్లయినా అడ్డుపడతాయి. ఇలాంటివారు పులుసు వదిలేసి, ఆ జ్ఞాపకంలో లేని రూపంతో మొదలుపెట్టాలి. హైదరాబాద్ హోటళ్లలో దొరికే అపోలో ఫిష్ వంటి ముల్లు లేని వేపుడు ముక్కలు ఇందుకు బాగా పనికొస్తాయి. పాత అనుభవం చెరిగిపోదు గానీ, దాని పక్కన మంచి అనుభవాలు కూడుకుంటూ పోతే దాని బలం తగ్గుతుంది.

ఎంత కొద్దిగా తినాలి అన్నది మరో ప్రశ్న. లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1980లలో చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనాలు ఈ విషయంలో ప్రసిద్ధం. రెండేళ్ల పిల్లలకు కొత్త రకం చీజ్‌లు, పండ్లు కొన్ని ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసినవే తర్వాత వాళ్లకు ఎక్కువ నచ్చాయి. ఇంకో అధ్యయనంలో తేలింది నాకు మరీ ముఖ్యంగా తోచింది: కొత్త తిండిని ఊరికే చూస్తూ ఉంటే, అది చూడడానికి నచ్చుతుంది గానీ నాలుకకు నచ్చదు. నాలుకకు నచ్చాలంటే రుచి చూడాల్సిందే. అయితే పళ్లెం నిండా అక్కర్లేదు. గోరంత చాలు. ఏడాదికోసారి కన్నీళ్లతో ఒక ముక్క మింగడం వల్ల ఏమీ కాదు. వారానికోసారి గోరంత, వికారం రాకముందే ఆపేయడం, మళ్లీ వారం మరో గోరంత. మా వైపు శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం ఉండదు, అలవాటు తెగిపోతుంది. అందుకే కార్తీకం ముగిశాక మొదలుపెట్టడం మంచిది. ముందు ఎనిమిది నెలలు ఆటంకం లేకుండా దొరుకుతాయి.

నాకు ఈ దారి చూపించింది మా వదిన. ఆమె తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్యాంపు ఇంటి ఆడబిడ్డ. ఆమె కాపురానికి వచ్చాక మా వంటింట్లో చేప తరచుగా ఉడకసాగింది. నాకెప్పుడూ వడ్డించలేదు, తినమని అడగలేదు. నాతోపాటు కూర్చుని తాను మాత్రం ఎంతో ఇష్టంగా తినేది. ముందురోజు పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని పొద్దున్నే వేడి జొన్నరొట్టెతో తినడం ఆమె మా ఇంట్లోనే నేర్చుకుంది. ఆ రొట్టె తునకను ఒకరోజు నేను ఆమె గిన్నెలో ముంచాను. ముక్క లేదు, ఉత్త పులుసు. ఘాటు, పులుపు, వెనక నుంచి ఏదో పట్టుకోలేని తియ్యదనం. తర్వాత చాలాకాలం నాకు పులుసే సరిపోయింది. పులుసు నుంచి కొర్రమట్ట వేపుడుకు, దాని నుంచి రవ్వకు, అక్కడి నుంచి కరకరలాడేలా వేయించిన పరకలకు వెళ్లడం నెమ్మదిగా జరిగింది. ఎండుచేప మాత్రం నాకు ఇప్పటికీ సహించదు. అది సహించాలన్న పట్టుదల కూడా లేదు. ఒక రుచి నేర్చుకోవడమంటే ఆ రకం తిండినంతా మింగేయడం కాదు కదా.

మా వదిన చేసిన పని విలువ నాకు కర్ట్ లెవిన్ గురించి చదివాక బాగా అర్థమైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో మాంసం కొరత వచ్చింది. గుండెకాయ, మూత్రపిండాలు వంటివి ఇళ్లలో వండించాలని ప్రభుత్వం అనుకుంది. అక్కడి ఆడవాళ్లకు అవంటే రోత. లెవిన్ అయోవాలో కొన్ని బృందాలకు వాటి పోషక విలువలు, దేశానికి వాటి అవసరం ఉపన్యాసంగా చెప్పించాడు. మరికొన్ని బృందాల్లో ఆడవాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడించాడు: మనలాంటి ఇల్లాళ్లకు ఎక్కడ ఇబ్బంది వస్తోంది, ఇంట్లోవాళ్లు ఏమంటారు, వాసన ఎలా పోగొట్టాలి? చివర ఎవరు ప్రయత్నిస్తారో చేతులెత్తమన్నాడు. ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మంది వండారు. మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం మంది వండారు. చేపలో మాంసకృత్తులున్నాయి, బి12 ఉంది, గుండెకు మంచిది అని ఇంట్లో రోజూ ఉపన్యసించినా ఎందుకు పని జరగదో ఈ రెండు అంకెలు చెబుతాయి. ఆ మాటలు అబద్ధం కావు. కానీ పోషకాల జాబితా విని గొంతు తెరుచుకోదు. ఇష్టంగా తినేవాళ్ల పక్కన, తొందరపెట్టనివాళ్ల మధ్య, తనంతట తాను నిర్ణయించుకున్నప్పుడు తెరుచుకుంటుంది.

మా ప్రాంతం నుంచి దుబాయికి, మస్కట్‌కు వెళ్లి వచ్చినవాళ్లతో మాట్లాడితే ఇదే వినిపిస్తుంది. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషి వెళ్లని ఊరు అరుదు. గదిలో మలయాళీలు, బెంగాలీలు ఉంటారు, వంట వంతులవారీగా సాగుతుంది. ఎవరి వంతు వస్తే వాళ్ల ఊరి వంట. ఇక్కడ చేప పేరెత్తితే లేచి వెళ్లిపోయిన కుర్రవాళ్లు అక్కడ సముద్రపు చేప తినడం నేర్చుకుని వచ్చారు. ఎలా అలవాటైందని అడిగితే, అందరూ తింటుంటే తిన్నామంటారు. ఏటా మృగశిర నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం దగ్గర కూడా ఇది కనిపిస్తుంది. వేలమంది, వాళ్లలో ఎన్నడూ చేప ఎరగనివారు కూడా, మందు పెట్టిన బతికున్న కొర్రమట్ట పిల్లను అలాగే మింగుతారు. ఆ మందు ఉబ్బసానికి పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నేను చూసేది ఆ మింగడాన్ని. పక్కనున్నవాళ్లంతా మింగుతున్నారు, తనకు మేలు జరుగుతుందని తాను నమ్మాడు, తనే వరసలో నిలబడ్డాడు. రోత అనుకున్నది గొంతు దిగిపోయింది.

ఈ పని మనిషిలో మరేదో కూడా మారుస్తుందని నా అనుభవం. చేప తినడం వచ్చాక నేను ముందెప్పుడూ వెళ్లని ఇళ్లలో భోజనానికి కూర్చున్నాను. క్యాంపుల్లో పెళ్లిళ్లకు వెళ్లి త్వరగా లేచి రావడం మానేశాను. మంజీర ఒడ్డున వల లాగేవాళ్లతో నిలబడి మాట్లాడటానికి నాకొక కారణం దొరికింది. ఏ చేప ఏ నెలలో రుచిగా ఉంటుందో, గుడ్లు పెట్టే వానాకాలంలో ఎందుకు పట్టకూడదో వాళ్లు చెబితే విన్నాను. అంతకంటే ముఖ్యంగా, ఇది నాకు చేతకాదు అని నేను తీర్మానించి పెట్టుకున్న మిగతా సంగతులను మళ్లీ ఒకసారి బయటికి తీసి చూడటం మొదలుపెట్టాను. ఈత వాటిలో ఒకటి. మరాఠీ మాట్లాడటం ఒకటి. మహారాష్ట్ర సరిహద్దు ఇంత దగ్గరగా ఉండి, ఆ భాష రాకుండా ఇన్నేళ్లు ఎందుకున్నానని ఇప్పుడనిపిస్తుంది.

చివరగా వడ్డించేవాళ్లతో ఒక మాట. మన దగ్గర ప్రేమ అంటే కొసరి కొసరి పెట్టడమే. “ఒక్క తునక తిను బిడ్డా, ఏం గాదు” అంటూ పళ్లెంలో వేసేస్తారు. వేసిన ముక్కను పారేయలేక, తినలేక ఆ మనిషి పడే అవస్థ మళ్లీ ఓ ఏడాది దూరం పెంచుతుంది. చేప గిన్నెను అందరికీ అందేలా మధ్యలో పెట్టండి. పులుసు విడిగా, ముక్కలు విడిగా ఉంచండి. వేసుకోవడం, వేసుకోకపోవడం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. ముల్లు తీసిపెట్టమని అడిగితే తీసిపెట్టండి. ఎవరైనా మొదటిసారి ముక్క నోట్లో పెట్టుకుంటుంటే మొహం వైపు చూడకండి, ఎలా ఉందని అడగకండి, ఫోను తీసి వీడియో తీయకండి. మీ అన్నం మీరు తినండి.